సోలెడు పాలు

నవంబరు 24, 1957

ఈ డైరీ నిరుటిది. నందిగామ మిల్లులో ఎవరూ రాయకుండా మిగిలిపోతే, అక్కడ పనిచేసే మా ఆయన తెచ్చి నాకిచ్చారు. ఇందులో ఆదివారమని అచ్చేసిన రోజు నాకు సోమవారమవుతుంది. ఫరవాలేదు, వారాలు కొట్టేసి రాసుకుంటాను.

"నీకు ఎటూ నోరు పెగలదు గదా, ఇందులో అన్నా మాట్లాడు," అన్నారు.

నోరు పెగలకపోవడమేమీ లేదు. మల్లితో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటాను. మల్లి నా గేదె. పెళ్ళిలో మా అమ్మ నాకు అరణంగా ఇచ్చింది. కంచికచర్ల నుంచి నేను బస్సులోనూ అది రోడ్డు వెంట నడిచీ ఈ చిల్లకల్లు వచ్చాం. కొత్త చోటని ఇద్దరం బెదిరాం. అది రెండో రోజుకే అరిచింది. నేను ఇంకా అరవలేదు.

మావయ్య ప్రేమదాసు గారు మా పేట క్రైస్తవుల గుడికి ఉపదేశి, వారం వారం వాక్యం చెప్పేది ఆయనే. నేను ఎదురుగా ఉన్నా సరే, నాతో చెప్పాల్సింది అత్తయ్యకు చెబుతారు. అత్తయ్య అదే మాట నాకు చెబుతుంది. నా జవాబు కూడా అదే దారిన తిరిగి వెళ్తుంది. ఆయన మంచినీళ్ళు అడిగితే చెంబు చేరేసరికి దాహం తీరిపోయి ఉంటుంది. కోడలు మామగారి ముందు నోరు విప్పకూడదని ఎవరు పెట్టారో గాని, నాకు మాత్రం ఇది బాగానే ఉంది.

మల్లి చూడితో ఉంది. క్రిస్మస్ నాటికి ఈనుతుందని అత్తయ్య లెక్క.

నవంబరు 30

మా ఆయన సాయంత్రం బస్సుకు వచ్చారు. నేను ఎదురు చూడలేదు. మల్లికి గడ్డి వెయ్యడానికి వాకిట్లో నిలబడ్డాను, రోడ్డు దానంతటదే కనిపించింది.

దీపాలు పెట్టే వేళకు పేటలో అరుపులు. అందరూ ఆకాశం చూస్తున్నారు. ఒక నక్షత్రం పడమటి నుంచి లేచి, మిగతా నక్షత్రాలను పట్టించుకోకుండా, ఏదో పనున్నట్టు తూర్పుకు నడిచిపోతోంది. మావయ్య తలపాగా తీసేసి వాకిట్లోనే మోకరించారు.

"నాన్నా, లెగు. అది రష్యావాళ్ళు వదిలింది. పేపర్లో వేశారు. అందులో కుక్కని కూడా పెట్టి పంపారంట," అన్నారు ఈయన.

"కుక్కనా?"

"కుక్కనే. దాని పేరు లైకా."

"దేవుడుండే చోటికి కుక్కనెట్టా పంపుతార్రా!"

"మరి దానికి అన్నం ఎవరు పెడతన్నారు?" అని అత్తయ్య అడిగింది.

"ఎవరు పెడతారే అమ్మా? ఈపాటికి చచ్చిపోయే ఉంటది."

మావయ్య వదల్లేదు. "సరే, రష్యావాళ్ళే వదిలారనుకో. వాళ్ళ చేత వదిలించింది ఎవరు?" అన్నారు. ఈయన చెప్పులు విప్పుకుని ఇంట్లోకి పోయారు. పేపర్లో అది రాయలేదు కాబోలు.

డిసెంబరు 1

మొదటి ఆగమన ఆదివారం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ ప్రభువు రాకకు ఎదురు చూసే కాలం. మెలకువగా ఉండండి అని మావయ్య ఏటా చెప్పేదే ఈ ఏడూ చెప్పారు. సగం మంది నిద్రపోయారు. కోతల రోజులు, పాపం. అప్పుడు ఆయన ఆ నక్షత్రం సంగతి ఎత్తారు. అందరూ లేచి కూర్చున్నారు.

అదే గుర్తు, ప్రభువు రెండో రాకడ ఈ నెల ఇరవై రెండున, నాలుగో ఆదివారం, అన్నారు. అంత కచ్చితంగా ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. ఆ రోజు, ఆ గడియ ఎవరికీ తెలియదని పిల్లలకు బడిలో నేర్పేది కూడా ఆయనే. అయితే నందిగామ నుంచి పాస్టరు అయ్యగారు నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచి సంస్కారం ఇవ్వడానికి వస్తారు. ఈ నెల ఇరవై రెండున వస్తున్నారు. ప్రభువు కూడా అయ్యగారి వీలు చూసుకునే రావాలి కాబోలు.

రేపటి నుంచి తెల్లవారుజామున మగవాళ్ళు వంతులవారీగా గుడి మెట్ల మీద తూర్పు ముఖంగా కావలి కూర్చోవాలట.

డిసెంబరు 3

ఆడవాళ్ళకు కావలి వంతు లేదు. కావలివాళ్ళకు టీ కాసే వంతు మాత్రం ఉంది. మల్లి వట్టిపోయింది కాబట్టి పాలు లేవు, బెల్లం టీ పంపాను. ప్రభువు వచ్చినా ఈ టీ తాగి వెనక్కి పోతాడని కావలివాళ్ళలో ఒకడు అన్నాడట. నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు.

డిసెంబరు 6

పేటంతా పశ్చాత్తాపం. ఎవరి దగ్గర ఎవరి సామాను ఉందో తిరిగి ఇచ్చేస్తున్నారు. పక్కింటావిడ మా రోకలి తెచ్చి ఏడ్చి ఇచ్చింది. అది పోయిందనుకుని మేం కొత్తది చేయించుకుని ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు రెండు రోకళ్ళు.

అత్తయ్య దగ్గర వత్సవాయిలో ఉండే ఆమె ఆడపడుచు బిందె ఉంది. ఇత్తడిది, మంచి బరువు. దాన్ని తవుడు బస్తా వెనక పెట్టింది.

"ఇచ్చేయరా అత్తయ్యా?" అన్నాను.

"వత్సవాయి పోను బస్సేది, రాను బస్సేది? నువ్వు నీ పని చూడు."

గోడలు మాత్రం అలకనంది. లోకమే పోతుంటే పేడ చేతులు ఎందుకు అంది. ప్రభువు వచ్చే ముందు ఇల్లు ఇలాగా ఉంచేది అని మావయ్య కేకలు. చివరికి నేను అలికాను.

మావయ్య నాలుగు రోజులుగా గుడి బట్టల్లోనే పడుకుంటున్నారు, పిలిస్తే లేచి పోవడానికి వీలుగా. నలిగిపోయి చూడడానికి వీల్లేకుండా ఉన్నాయి.

డిసెంబరు 8

ఇవాళ గుడిలో మావయ్య లేచి కానుకల సంగతి చెప్పారు. ఇరవై రెండున ఆరాధన కాగానే, ప్రతి ఏడూ చేసినట్టే, కానుకలుగా వచ్చిన కోళ్ళూ గుమ్మడికాయలూ వేలం వేస్తారు. పాడుకున్న సొమ్ముతో పెట్రోమాక్స్ దీపం కొని గుడి గుమ్మంలో వేలాడదీస్తారు. ప్రభువు వచ్చేసరికి గుడి చీకటిగా ఉండకూడదు.

"మా ఇంటి తరఫున గేదెను ఇస్తున్నాను," అన్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. గుడిలో ఎవరో ఏదో అనగానే అనేది అదే కదా. అన్నాక అర్థమైంది, మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గేదె.

డిసెంబరు 9

ప్రభువు ఆదివారం వస్తుంటే సోమవారం పాలు పిండుకోవడానికి గేదెను ఎవరు పాడుకుంటారు? వచ్చాక ఆయన వెలుగే ఉంటుంది కదా, పెట్రోమాక్స్ ఎందుకు?

ఇది మల్లికి చెప్పాను. అది నెమరేసింది.

డిసెంబరు 10

కుడితి పెట్టాను.

డిసెంబరు 12

అత్తయ్యతో చెప్పాను. "అది మా అమ్మ ఇచ్చింది అత్తయ్యా. మావయ్యకు చెప్పండి."

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గుడి వెనక సమాధుల దగ్గరకు తీసుకెళ్ళింది. మావయ్య అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నారు, మాకు వీపు చేసి. ఒక చిన్న సమాధి చుట్టూ పల్లేరు కాయలు ఒక్కొక్కటీ ఏరి పంచె కొంగులో వేసుకుంటున్నారు.

అది రత్నమణిది, మావయ్య కూతురు, నాకు ఆడపడుచు. ఉంటే నాకన్నా పెద్దదట. బడిలో చదువుతుండగా కలరాలో పోయింది. ప్రభువు రాకడ నాడు చనిపోయినవాళ్ళందరితో పాటు లేస్తుంది. చెప్పుల్లేకుండా పాతిపెట్టారు. లేచి రాగానే కాళ్ళకు ముళ్ళు గుచ్చుకోకూడదని ఏటా ఆగమన కాలం రాగానే మావయ్య చుట్టూ శుభ్రం చేస్తారట.

"ఈ ఏడు మరీ తొందరపడతన్నాడే. ముసలోడైపోతన్నాడు గదా," అంది అత్తయ్య.

ఇంటికొచ్చాం. గేదె సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆయనకు ఎవరో ఒకరు చెబుతారు. మా ఆయన చెబుతారు.

డిసెంబరు 14

సాయంత్రం బస్సు వచ్చింది. ఆయన రాలేదు. మిల్లులో కొత్త ధాన్యం దిగిందని కండక్టరు చేత కబురు పంపారు.

నేను చూసింది బస్సు కోసం కాదు. మల్లి తూర్పుకు తిరిగి నిలబడింది, దాన్ని చూస్తుంటే రోడ్డు కనబడింది అంతే.

డిసెంబరు 15

మల్లి పొదుగు దిగుతోంది.

డిసెంబరు 17

జగ్గయ్యపేట నుంచి కోటిలింగం గారు వచ్చి మల్లిని చూసుకుని వెళ్ళాడు. బజారులో చిల్లర కొట్టు ఆయనది. గుడి వేలంలో చవగ్గా వస్తాయని ఏటా వచ్చి గుమ్మడికాయలు పాడుకుపోతాడట. మల్లి పళ్ళు చూశాడు, తోక ఎత్తి చూశాడు. పొదుగు మీద చెయ్యి వేయబోతే అది తన్నింది. తగల్లేదు.

డిసెంబరు 21

ఆయన వచ్చారు. అన్నం పెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, అప్పుడు చెప్పాను. మల్లి నాది, మీ నాన్నకు చెప్పండి అని.

"అడుగుతాలే."

"ఎప్పుడు?"

"ఆయన మంచి ఊపు మీదున్నాడు పుష్పా. పొద్దున అడుగుతాలే."

"పొద్దున్నే గదా తోలుకుపోయేది."

"ఈ ఒక్క గేదె గురించి ముసలాయన మనసు కష్టపెట్టమంటావా?" అన్నారు. తర్వాత రష్యా గురించి చాలా మాట్లాడారు. అక్కడ గేదెలు అందరివీనట. ఇక్కడ కూడా అంతే అయిందన్నాను. అంటే, అనబోయాను.

డిసెంబరు 22

ఇవాళ్టిది అంతా రాస్తాను.

పొద్దున్నే మల్లికి పసుపు నీళ్ళు చల్లి అత్తయ్య హారతి ఇవ్వబోయి, తమాయించుకుని, ప్రార్థన చేసింది. ఆయన పలుపు పట్టుకుని తోలుకెళ్ళారు. తండ్రితో ఏమీ అనలేదు. నా వైపు చూడనూ లేదు. గుడి ముందున్న వేప చెట్టుకు కట్టేశారు.

అయ్యగారు వచ్చారు. సంస్కారం ఇచ్చారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే మావయ్య మాత్రం తెరిచే ఉంచారు. కిటికీలోంచి తూర్పుకు చూస్తున్నారు. నేను కూడా తెరిచే ఉంచాను కాబట్టి తెలిసింది. ఆరాధన అయింది. ప్రభువు రాలేదు. సాయంత్రం దాకా వ్యవధి ఉందని మావయ్య అన్నారు.

వేలం మొదలైంది. కోళ్ళు పోయాయి. గుమ్మడికాయలు పోయాయి. ఒక కోడిగుడ్డును ఎప్పటిలాగే నలుగురూ పోటీపడి పాడి, గెలిచినవాడు మళ్ళీ గుడికే ఇచ్చేశాడు. తర్వాత మల్లి. మావయ్యే పాట పెట్టారు.

ఎవరూ పాడలేదు. పేటలో అందరికీ తెలుసు, రేపు లోకం ఉండదని. ఒకవేళ ఉన్నా, ఉపదేశి గారి గేదెను పాడుకుంటే, లోకం ఉండదన్న ఆయన మాట నమ్మనట్టే.

వేప చెట్టు కింద నుంచి కోటిలింగం గారు అన్నాడు: "ఉపదేశి గారూ, మీ లెక్కన ఇయ్యాల సాయంత్రానికి అంతా అయిపోద్ది గదా. అంటే గేదెతో పని ఒక్క పూటే. ఒక పూటకి అద్దె ఎంతో చెప్పండి, పాడతా."

నవ్వారు. మొదట బయటివాళ్ళు. తర్వాత మావాళ్ళు కూడా. అయ్యగారు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు. మా ఆయన నేల చూస్తున్నారు.

మావయ్య మాత్రం నలిగిన తెల్ల బట్టల్లో అలాగే నిలబడి ఉన్నారు. పంచె అంచుకు ఇంకా రెండు పల్లేరు కాయలు పట్టుకుని ఉన్నాయి.

నేను మల్లి కోసమే లేచాను. ఇది స్పష్టంగా రాసుకోవాలి. ఆయన కోసం కాదు.

"నేను పాడతా," అన్నాను.

ఆడవాళ్ళ వైపు నుంచి పాట రావడం ఇదే మొదలట. అత్తయ్య నా చీర కొంగు పట్టుకుని లాగింది. కొంగు ఆమె చేతిలోనే ఉంది, నేను ముందుకు పోయాను.

మావయ్య అలవాటుగా అత్తయ్య వైపు తిరిగారు. "మీ కోడలు ఏం పాడుద్దో అడుగు."

అత్తయ్య అడగలేదు. ఆమె ఇంకా నా కొంగే లాగుతోంది. అందుకని నేనే చెప్పాను.

"రోజూ సోలెడు పాలు. మెట్ల మీద కావలి కూర్చునేవాళ్ళ టీకి. మల్లి ఈనిన కాణ్ణించి, ప్రభువు వచ్చేదాకా."

కోటిలింగం గారికే ముందు అర్థమైంది. "ఇయ్యాలే వస్తే గుడికి చుక్క కూడా రాదు గదమ్మా!" అన్నాడు.

"వస్తే ఇంక టీ ఎవరికండీ?" అన్నాను.

మళ్ళీ నవ్వు లేచింది గాని ఈసారి అది మావయ్య మీద కాదు. ఆయన నన్ను చూస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన నా ముఖం చూడడం ఇదే మొదటిసారి అనుకుంటాను. నేను ఆయన కాళ్ళే చూశాను.

"రోజూ పోస్తావా అమ్మాయ్?"

మధ్యలో అత్తయ్య లేదు.

"పోస్తా మావయ్యా."

"గేదె వట్టిపోతే?"

"దాని పెయ్య పోసుద్ది."

"పెయ్య కాక దున్న పుడితే?"

"ఎక్కడన్నా తెచ్చి పోస్తా."

"ఎన్నాళ్ళు పోస్తావ్?"

"చెప్పా గదా మావయ్యా. వచ్చేదాకా."

ఆయన తల తిప్పి తూర్పుకు చూశారు. రోడ్డు మీద ఒక ఎడ్ల బండి తప్ప ఏమీ లేదు. తర్వాత ఇటు తిరిగి, గొంతు సవరించుకుని, "ఒకటోసారి," అన్నారు.

"ఈ పాట మీద నేను పాడలేనండీ. వ్యాపారస్తుణ్ణి," అన్నాడు కోటిలింగం గారు.

రెండోసారి. మూడోసారి.

మల్లిని నేనే తోలుకొచ్చాను.

సాయంత్రం

పొద్దుగూకేదాకా మావయ్య మెట్ల మీదే ఉన్నారు. తర్వాత వచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు.

"మజ్జిగ పొయ్యమ్మా," అన్నారు. నాతోనే.

డిసెంబరు 24

మల్లి ఈనింది. పెయ్యే. వెనక కాళ్ళ మీద లేచి పడి, మళ్ళీ లేచింది. మాయ పడేదాకా మావయ్య పక్కనే కూర్చున్నారు. మా ఆయన పెయ్యకు లైకా అని పేరు పెట్టారు. "నా ఇంట్లో రష్యా పేరా!" అని మావయ్య లేచారు. అప్పటికే అత్తయ్య "లైకా, లైకా, లెగమ్మా" అంటూ దాన్ని తుడుస్తోంది.

డిసెంబరు 25

జున్ను. పేటంతా తిన్నారు. పెట్రోమాక్స్ లేదు, లాంతర్లు పెట్టుకున్నాం. పాత పాటలే పాడుకున్నాం. నేను కాస్త గట్టిగా పాడాను.

డిసెంబరు 29

పక్కింటావిడ రోకలి అడిగి తీసుకుపోయింది. ఇంక తిరిగి రాదు. బిందె తవుడు బస్తా వెనక నుంచి బయటికొచ్చింది.

పాలు విరగడం ఆగింది. తెల్లవారుజామున సోలెడు పోసి టీ కాసి పంపాను. కావలికి ముగ్గురు వచ్చారట. ప్రభువు కోసమా టీ కోసమా అని మా ఆయన అడిగితే, "రెండిట్లో ఏదన్నా రానీ, మెలకువగా ఉన్నారు గదా," అన్నారట మావయ్య.

నవంబరు 29, 1964

పెట్టె అడుగున ఈ డైరీ దొరికింది. ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. వారాలు ఇప్పుడు ఎటూ కలవవు.

ఇవాళ మొదటి ఆగమన ఆదివారం. ఆ నక్షత్రం ఆ మరుసటి ఏప్రిల్లోనే పడిపోయిందని పేపర్లో వేశారు. కావలికి వచ్చేవాళ్ళు ఏడాదికేడాది తగ్గారు. చివరికి మావయ్య ఒక్కరే మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. రోజూ గ్లాసు నాకే తెచ్చి ఇచ్చి, "ఇయ్యాల్టికి రాలేదమ్మా," అనేవారు, బస్సు తప్పిపోయినట్టు. ఈ ఆగస్టులో పోయారు. రత్నమణి పక్కనే పెట్టాం.

నిన్న పల్లేరు కాయలు ఏరాను. ఇద్దరికీ. ఆయనకు కూడా చెప్పుల్లేవు.

మల్లి ముసలిదైపోయింది. ఇప్పుడు పాలు లైకా ఇస్తోంది. తెల్లవారుజామున ఎప్పటిలాగే సోలెడు కొలిచి టీ కాశాను. ఇచ్చేందుకు ఎవరూ లేరు. పాట పాడుకున్నాను కాబట్టి మానడానికి లేదు, పారబొయ్యడానికి మనసు రాలేదు. గ్లాసు పట్టుకెళ్ళి మెట్ల మీద కూర్చుని నేనే తాగాను, తూర్పు తెల్లబడేదాకా.

నేను చూస్తున్నది బస్సు కోసమే. మా ఆయన నందిగామ నుంచి రావాలి గదా.

అయితే నిన్న సాయంత్రం బస్సుకే వచ్చేసి, ఇంట్లో నిద్రపోతున్నారు.